ఎడమకి పూర్తిగా తిప్పి చూడు

మా ఇంటి మీటరమ్మకి,

ఇక్కడ నేనూ మీ తమ్ముడూ క్షేమం. అక్కడ నీ నడుము తప్ప మిగతావన్నీ క్షేమమని తలుస్తాను. ఈ కాగితం పైన కొట్టేసి ఉన్న మాట ఏమిటని కంగారుపడకు, ఆ సంగతి చివర్లో రాస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. పైవాటా టీచరుగారి పాట ఆగలేదు. నీ అల్మారాకి చెదలు పట్టలేదు, రెండుసార్లు తెరిచి చూశాను. నేను వేళకే తింటున్నాను. మీ తమ్ముడు వండితే కాస్త ఆలస్యంగా తింటున్నాను, ధైర్యం కూడగట్టుకోవాలి కదా.

ఇక నీ బండి సంగతి. రోజంతా ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే ఉద్యోగం, ఆపైన ముందుకి వంగి బండి నడపడం. నడుము పట్టేయక ఏం చేస్తుంది? నాలుగంగుళాలు ఎక్కువ ఎత్తున్న హ్యాండిల్ వేయించుకోవాలన్న ఆలోచన మంచిదే, నిటారుగా కూర్చుంటావు. కానీ మీ వీధి మెకానిక్ "పాత కేబుళ్ళే సరిపోతాయి మేడం" అన్నాడని రాశావే, అక్కడ ఉత్తరం పక్కన పెట్టేసి లేచాను. అతనికి బండి ఇవ్వకు.

హ్యాండిల్ ఎత్తు పెరిగితే దాన్నుంచి కిందికి దిగే కేబుళ్ళకి పొడవు చాలదు. ముఖ్యమైనవి మూడు, క్లచ్‌ది, యాక్సిలరేటర్‌ది, ముందు బ్రేకుది. హ్యాండిల్ ఎంత పెరిగితే కేబుల్ అంత పెంచి కొనుక్కోమంటాడు కొట్టువాడు. వినకు. కొత్త హ్యాండిల్ బిగించాక ఒక పురికొస తీసుకుని, పాత కేబుల్ ఏ దారిన పోయిందో ఆ దారి వెంటే పైనుంచి కిందిదాకా పట్టుకో. హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా తిప్పు, తర్వాత కుడికి పూర్తిగా తిప్పు. ఏ వైపు పురికొస ఎక్కువ పట్టిందో అదే కొలత. దాని మీద ఒక అంగుళం వదులు ఉంటే చాలు. అలాగని మరీ పొడుగుది కొన్నావంటే ఎక్కడో మడతపడి చేతికి బరువవుతుంది. అన్నీ బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ రెండు వైపులా తిప్పి విను. శబ్దం ఏమాత్రం పెరిగినా కేబుల్ పొట్టిదై దానంతటదే లాగుతోందని అర్థం, ఆ బండి వీధిలోకి తీయకు. ఎడమకి పూర్తిగా తిప్పి చూడు, మరిచిపోవద్దు.

నీ చివరి ప్రశ్న మిగిలింది. "వాడు ఒప్పుకున్నాడా?" ఐదు నెలలుగా నీ ప్రతి ఉత్తరం దానితోనే ముగుస్తోంది. అంతకుముందు అక్కడ "చిన్నోణ్ణి జాగ్రత్తగా చూసుకోండి" అని ఉండేది.

వాడు గోడౌన్ గేటు ముందు బండి వెనక్కి తిప్పుతుంటే అది ఒక్కసారిగా దూకి స్తంభానికి గుద్దుకుంది, వాడి చీలమండ విరిగింది. "నేను యాక్సిలరేటర్ తిప్పలేదక్కా, దానంతటదే లేచింది" అన్నాడు వాడు. "బండికి దానంతటదే బుద్ధి పుట్టిందేంట్రా?" అన్నావు నువ్వు. హుషారు చూపించబోయి పడ్డానని ఒప్పుకునేదాకా మాట్లాడనన్నావు. వాడి బండి తాళం సంచిలో వేసుకుని, నీకు బదిలీ అయిన ఊరికి తిరిగి బస్సెక్కావు. వాడూ నీ తమ్ముడే కదా, ఒప్పుకోలేదు.

ఒప్పుకోవలసింది వాడు కాదు. నేను.

ఆ వారమే వాడి బండికి ఎత్తు హ్యాండిల్ వేసింది నేనే. క్లచ్‌కి, బ్రేకుకి పొడుగు కేబుళ్ళు దొరికాయి. యాక్సిలరేటర్‌ది లేదు, రెండ్రోజులు ఆగమన్నారు. పాతదాన్నే దగ్గరి దారిలో లాగి బిగించేశాను. మన షాపు ఇరుకు నీకు తెలుసు. బండి ముందు చక్రం ఎడమ పక్క గోడకి ఆనుకుని ఉంది. అటు తిప్పి చూడాలంటే అడ్డంగా ఉన్న రెండు బళ్ళు బయటికి తీయాలి. కుడికి మాత్రం తిప్పి చూశాను. "అంతేనా బావా, చూసుకున్నావా?" అన్నాడు. "సరిపోతుంది పోరా" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషిని, ఆ మాట అన్నాను.

పడిన బండిని షాపుకి తెచ్చాక స్టార్ట్ చేసి, గేటు ముందు వాడు తిప్పినట్టే ఎడమకి తిప్పాను. నా చెయ్యి యాక్సిలరేటర్ మీద లేదు. ఇంజిన్ అరిచింది. ఆపేశాను. మర్నాడు పొడుగు కేబుల్ తెచ్చి మార్చాను. ఆ తర్వాత నువ్వొచ్చి "బండిలో ఏమన్నా లోపముందా?" అని అడిగావు. లేదన్నాను. ఆ పూటకి అది నిజమే. అంతకన్నా పెద్ద అబద్ధం నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఎందుకు దాచావంటే, సిగ్గు. వీధిలో వాళ్ళందరూ నన్ను నమ్మి బళ్ళు వదిలి వెళ్తారు. ఇంట్లోవాడి కాలు నా చేతిపని వల్లే విరిగిందని నీతో అనడానికి నోరు రాలేదు. రోజులు గడిచేకొద్దీ ఇంకా రాలేదు. నువ్వు "సరిపోతాయి" అన్న ముక్క రాయకపోతే ఇప్పుడు కూడా రాసేవాణ్ణి కాదేమో. నువ్వూ అలాగే పడతావేమోనని భయం వేసింది.

నీకన్నా ముందు వాడికి చెప్పాలనిపించి నిన్న పొద్దున చెప్పాను. తిడతాడనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టి, కుడి అరచెయ్యి చూసుకున్నాడు.

"అయితే ఇది తిప్పలేదన్నమాట" అన్నాడు. "అక్క అంత గట్టిగా అంటుంటే, నిజంగానే తిప్పానేమో, నాకే గుర్తులేదేమో అనుకుంటున్నా బావా. పోనీ ఒప్పేసుకుందామని మొన్న కాగితం కూడా తీశా."

ఆ కాగితం తెచ్చి నాకిచ్చాడు. పైన "అక్కకి" అని ఉంది, కింద ఏమీ లేదు. ఆ మాట కొట్టేసి, దాని మీదే నీకు ఇదంతా రాశాను.

తాళం లేకుండా బండి స్టార్ట్ చెయ్యడం నాకు చేతకాక కాదు. నువ్వు పట్టుకెళ్ళిన తాళం నువ్వే ఇవ్వాలి. వాడి పేరు మీద పంపించు, నా పేరు మీద కాదు. నన్ను అనవలసినవన్నీ తర్వాత తీరిగ్గా రాయి, చదువుతాను. ముందు వాడికి రెండు ముక్కలు రాయి. వాడిప్పుడు వసారాలో బండి పక్కన నిలబడి హ్యాండిల్ ఎడమకి తిప్పి చూస్తున్నాడు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నువ్వు తిట్టవలసిన మనిషి,
నీ భర్త