అక్షింతల బియ్యం

చింతాద్రిపేట, శుక్రవారం రాత్రి

మంగళవారం పొద్దున పూజకు కూర్చుంటే అక్షింతలకు పెట్టిన బియ్యం సగమే ఉంది. తిరిగి చూస్తే తమ్ముడి కూతురు వైష్ణవి, యూనిఫాంలో తలుపు పక్కన నిలబడి నములుతా ఉంది.

"దేవుడి బియ్యం ఎంగిలి చేస్తావా?"

"నోరు ఊరికే అడగతా ఉంది అత్తా."

లెంపలేయించాను. నైవేద్యం అయ్యేదాకా ఎవరూ తినకూడదన్నది నా నియమమే. బిడ్డ ఆ పొద్దూ ఖాళీ కడుపుతోనే బస్సెక్కింది.

ఈరోజు స్కూల్లో కళ్ళు తిరిగి పడిపోయింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "రక్తం బాగా తక్కువుంది. ఇట్లాంటప్పుడు నోరు పచ్చి బియ్యం అడుగుతుంది, నీకూ తినాలనిపిస్తుందా?" అనడిగింది. వైష్ణవి నా మొహం చూసి తల దించుకుంది.

మెట్ల మీద ఆయాసంతో కూర్చుంటే సోమరి అన్నదీ నేనే. సాయంత్రం దీపం పెట్టాను గానీ అమ్మవారి వైపు కళ్ళెత్తలేకపోయాను...

తర్వాత అందరం కూర్చున్నాం. మాత్రలు మరదలు చూసుకుంటానంది. "పూజ సంగతి నువ్వే చెప్పక్కా" అన్నాడు తమ్ముడు. రేపటినుంచి ముందు బిడ్డకు ఇడ్లీ, ఆ తర్వాతే దీపం అన్నాను.

"అయితే నా ఎంగిలి దేవుడికి పెడతావా అత్తా?" అని నవ్వింది వైష్ణవి.

పెడతానన్నాను.