చక్రాలకు పూసిన పసుపు

17 ఫిబ్రవరి 1879, సోమవారం. ఆత్మకూరు.

వడ్రంగి వీరాచారి చేసిన కొత్త గూడుబండి చూసి వచ్చాను. ఊరూరా సువార్త చెప్పుకుంటూ తిరిగే మాకు బండే ఇల్లు. పాతది ఉదయగిరి దారిలో ఇరుసు విరిగి కూలబడినప్పుడు, నా భార్య మార్తమ్మ ఒళ్లో ఉండబట్టి బిడ్డ బతికింది.

కొత్తదాని చక్రాలకు మందంగా పసుపు పూసి ఉంది. బండికి పసుపు పూసేది కొన్నవాడు, అదీ ఇంటికి తోలుకెళ్లాక. అమ్మేవాడే ముందుగా పూశాడంటే కింద చీలిక ఉండే ఉంటుంది. ఆ మాట పైకి అనలేక, మా మతంలో పసుపు పనికిరాదు, తుడిచెయ్యమన్నాను.

వీరాచారి నొచ్చుకోలేదు. “మీకు గిట్టదని తెలవక పూసినాను. దాందేముండాది” అంటూ తడిగుడ్డతో తుడిచేశాడు. కర్ర నున్నగా ఉంది, ఒక్క గీత కూడా లేదు. నాకే సిగ్గేసి, రేపు వచ్చి తోలుకెళ్తానని మాటిచ్చేశాను.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మార్తమ్మ బిడ్డను జోకొడుతూ, “ఇరుసు చూసినారా?” అంది.

చూడలేదు. బండి కిందికి వంగనే లేదు. వీరాచారి పసుపు చక్రాలకు పూశాడో, నా కళ్లకు పూశాడో...