నడిచి చూసే ఇల్లు

ప్రొద్దుటూరు,
14-7-1999.

ప్రియమైన కరీముల్లా అన్నకు,
చెల్లెలు మాబున్ని సలాములు.

జమ్మలమడుగులో నువ్వు కట్టిస్తున్న ఇంటిని కంప్యూటర్లో గదిగదికీ నడిచి చూసుకునేలా చేసి పంపితే, కువైట్‌లో ఫైలు తెరుచుకోలేదని మూడోసారి రాశావు. నాకు విసుగొచ్చేసింది. ఆ వీఆర్‌ఎంఎల్ ఫైల్లో ప్రతి గోడ కొలతా చేత్తో కొట్టాలి. ఒక్క బ్రాకెట్టు మరిస్తే ఇల్లంతా మాయం. చూడటానికి ప్లగిన్ అని ఇంకో చిన్న ప్రోగ్రాం కావాలి, దాన్ని మీ నెట్ సెంటరువాళ్లు వెయ్యనివ్వరు. అందుకే పది రోజులు కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను. గది పొడవు, వెడల్పు, తలుపు ఎక్కడో చెబితే చాలు, ఫైలు అదే రాసుకుంటుంది. ప్లగిన్ లేకుండానే చూపిస్తుంది, ఫ్లాపీలో పట్టేంత చిన్నదిగా కుదిస్తుంది కూడా.

అసలు బాధ వేరే ఉంది. నేను పాఠాలు చెప్పే సెంటరుకు సింహాద్రిపురం వైపు నుంచి చిన్నసుబ్బయ్య మేస్త్రీ ఒక పెద్దింటి కొలతలు తెచ్చాడు. ఒక్క పూటలో చేసిచ్చాను.

"ఎదురు మిద్దె మీద నిలబడితే ఈ కిటికీలో ఏం కనపడతాదో చూపీమ్మా," అన్నాడు.

"కట్టబోయే ఇంటికి అదెందుకు మామా?"

"కట్టి పదేండ్లయిందిలే."

అటువైపు పదేండ్ల నాటి అంత పెద్దిల్లు ఒక్కటే ఉంది. అది ఒక పార్టీ నాయకుడి ఇల్లు. పోయినేడాది ఆయన తమ్ముణ్ణి బాంబులేసి చంపారు. ఇప్పుడు మళ్లీ ఎన్నికలు. నేను నోరు తెరిచేలోపే మేస్త్రీ ఫ్లాపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకెవరి ప్రాణం మీదికీ తేకూడదని ప్రోగ్రాం చెరిపేశాను. రేపు ఆ ఇంటికే వెళ్లి చెప్పేస్తాను. అమ్మకు తెలియనివ్వకు.

నీ మాబున్ని

ప్రొద్దుటూరు,
22-7-1999.

అన్నా,

వెళ్లాను. గేటు దగ్గర సంచి మొత్తం వెతికి లోపలికి పంపారు. ఆ ఇంటావిడ లక్ష్మీదేవి నేను చెప్పిందంతా నిదానంగా విన్నది.

"మేస్త్రీని పంపింది మేమేలేమ్మా. మా ఇంటాయన్ను యాడ నుంచి కాలుస్తారో ముందే చూసుకుందామని."

వంటింటి కిటికీని అప్పటికే ఇటుకలతో మూసేశారు. మధ్యాహ్నమే అక్కడ లైటు వేసుకుని కూరగాయలు తరుగుతున్నారు. పది రోజుల పని ఒక్క నిమిషంలో చెరిపేసినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఈ కక్షలతో గేటు దాటి మూడేండ్లయింది. ప్రొద్దుటూరు బజారు చేసిస్తావా? గాజుల అంగడి దాకా నడిచి చూస్తా."

"బజారంటే శానా అంగళ్లుంటాయక్కా. అన్నిటికీ కొలతలు కావల్ల," అన్నాను, కాస్త విసుగ్గానే.

"నిదానంగా చెయ్. నేను యాడికి పోతా?"

ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను. నిన్న టేపు పట్టుకుని బజారు కొలుస్తుంటే, రోడ్డు వెడల్పు చేస్తారనుకుని అంగళ్లవాళ్లు పోట్లాటకు వచ్చారు. ఎవరి కోసమో చెప్పలేను, ఎందుకో చెబితే అర్థం కాదు. పదకొండు అంగళ్లయ్యాయి. గాజుల అంగడి ఇంకా చాలా దూరం.

నీ చెల్లెలు,
మాబున్ని