వదినగారి టమాటా గింజలు

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. మా కోడలు, అంటే మీ అమ్మాయి, మరీ బాగుంది.

మీరు పంపిన టమాటా గింజల పొట్లం చేరింది. కిందటేడు అడిగితే "చూద్దాంలెండి" అని నవ్వి ఊరుకున్నవారు, ఈ ఏడు అడక్కుండానే పంపేసరికి నా గుండెల్లో రాయి పడింది. పైగా గింజలకంటే బరువైన సలహాల కాగితం ఒకటి! మట్టిని మోచేతి లోతున తవ్వి గుల్ల చేయాలట. పచ్చి పేడ ముట్టకూడదట, బాగా చివికిన ఎరువే కలపాలట. గింజ మీద మట్టి పలచగా చల్లి, నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదట. మొలకలు ఒత్తుగా వస్తే కొన్ని పీకెయ్యాలట! బతికిన మొలకల్ని చేతులారా పీకమనే మనిషిని ఎలా నమ్మను చెప్పండి? ఆమధ్య మీ ఇంటికొచ్చి మీ టమాటాలు మెచ్చుకుంటుంటే, మీరు మెల్లిగా పెరటి తలుపు దగ్గరగా వేశారు. నేను చూడలేదనుకోకండి.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. మీరేది రాస్తే దానికి సరిగ్గా ఎదురు చేస్తాను.

ఇట్లు,
ఎవరిచేతా మోసపోని మీ వియ్యపురాలు

తా.క.: పొట్లానికి రెండు దారాలు కట్టారు. ఒకటి సరిపోదా?


వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి లెంపలు వేసుకున్నాను. మీ కళ్లు కప్పడం ఎవరితరం! ఆ కాగితంలో ఉన్నదంతా తప్పే. అసలు పద్ధతి ఇదిగో. నేలను తవ్వకండి, ఇంటిల్లిపాదీ నడిచి గట్టిగా తొక్కండి. పచ్చి పేడ తట్టలకొద్దీ వెయ్యండి. గింజల్ని గునపంతో పొడిచి మోచేతి లోతున పాతండి. పూటకో బిందె కుమ్మరించండి.

ఒక్కటి మాత్రం మనసులో మాట. మీకు పొట్లం పంపాక పెద్ద వాన కురిసింది. పెరట్లో నీళ్లు నిలిచి నా మొక్కలన్నీ వేళ్లతో కుళ్లిపోయాయి. విత్తనాల డబ్బా కూడా తడిసి బూజు పట్టింది. మా అమ్మ పెంచుకొచ్చిన ఆ రకం ఇప్పుడు మీ పొట్లంలో తప్ప ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ తెలివికి తలవంచిన వదిన

తా.క.: పైన చెప్పిన పద్ధతిలో ఒక్కటి తప్పినా మొలక రాదు సుమండీ. తర్వాత మీ ఇష్టం.


ప్రియమైన వదినగారికి,

"ప్రియమైన" అని రాయడం నాకిదే మొదలు, నవ్వకండి. మీ ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకా అనుమానిస్తే నేను మనిషినేనా? మా ఆయన కూడా "జన్మలో ఒక్కసారైనా ఎవరినైనా నమ్మవే" అన్నారు.

నమ్మాను. మీరు రాసింది రాసినట్టు చేశాను. మా ఆయనా, మీ అల్లుడూ, నేనూ వరసగా నడిచి మడిని సిమెంటు గచ్చులా తొక్కాం. పేడ వాసనకి పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. పొట్లంలో ఉన్న గింజలన్నీ పాతేశాను, ఒక్కటీ మిగల్చలేదు. మీ అమ్మాయి మాత్రం గడపలో నిలబడి మడినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

ఇట్లు,
మిమ్మల్ని నమ్మిన మీ వదిన

తా.క.: పూటకి రెండు బిందెలు పోస్తే ఇంకా త్వరగా వస్తాయా?


అయ్యయ్యో వదినగారూ!

నమస్కారాలు తర్వాత. ముందు బిందె కింద పెట్టండి! మీరు ఎదురు చేస్తానన్నారనే నేను ఎదురు రాశాను. మీరు నన్ను నమ్ముతారని ఎవరు కలగన్నారు? మడి తవ్వి చూడండి, ఒక్క గింజైనా బతికుందేమో. నా అతితెలివికి మా అమ్మ విత్తనం మట్టిపాలైంది. తిండి సయించడం లేదు.

ఇట్లు,
ఏడుస్తున్న మీ వదిన

తా.క.: మొదటి కాగితమే నిజం. ఇది నిజంగా నిజం.


వదినగారికి,

నమస్కారాలు, కానీ చిన్నవి. మడంతా తవ్వాం. దొరికిన ప్రతి గింజా మెత్తగా కుళ్లిపోయి ఉంది. జీవితంలో ఒక్కసారి నమ్మాను, ఆ ఒక్కసారే మోసపోయాను. మీ మీద కోపం సరే, మీ అమ్మగారి విత్తనం నా చేతుల్లో పోయిందన్న బాధ అంతకంటే ఎక్కువైంది.

ఎవరికీ కనపడకుండా ఏడుద్దామని మేడ మీదకెళ్లి నీళ్ల ట్యాంకు వెనక చేరాను. అక్కడ పగిలిన బకెట్లో, గుల్లగా ఉన్న మట్టిలో, పచ్చగా టమాటా మొలకలు! మీ అమ్మాయిని పిలిచి నిలదీశాను.

"పొట్లం మీ చేతికివ్వకముందే సగం తీసి దాచాను అత్తయ్యా" అంది. "మీరు అమ్మ చెప్పింది వినరు. మీరు వినరని అమ్మ తిన్నగా చెప్పదు. మీ ఇద్దరినీ నమ్మి ఎలా ఊరుకోను?"

పొట్లం తేలిగ్గా ఉందని నాకు మొదటిరోజే అనిపించింది.

మొలకలు ఒత్తుగా ఉన్నాయి, కొన్ని పీకాలంటోంది. నాకు చేతులు రావడం లేదు, వెంటనే బయల్దేరి రండి. పీకినవాటిని వేళ్లతో సహా మీ పెరటికి పట్టుకెళ్లండి. ఎన్ని పట్టుకెళ్తారో పక్కనే నిలబడి చూస్తాను.

ఇట్లు,
మీ వియ్యపురాలు

తా.క.: మీ కూతురు కదా అని ఇన్నాళ్లూ ఆ పిల్లను ఓ కంట కనిపెడుతూ వచ్చాను. ఇక అక్కర్లేదు. కన్నతల్లినీ అత్తనూ ఒకేలా అనుమానించిందంటే, అది అచ్చంగా నా కోడలే.