సరితను ఎలా పిలవాలంటే

సత్తుపల్లి,
ఆదివారం

అక్కకు నాగమణి దండం పెట్టి రాసేది. మేమిక్కడ బాగానే తింటున్నాం, బాగానే పోట్లాడుకుంటున్నాం. నువ్వు, బావ, మేకలు అంతా క్షేమమేనా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? సరిత బాగుంది. ముందే చెబుతున్నాను, నీ బిడ్డ బాగుంది. చదువుతుంటే మధ్యలో గుండె దడ వస్తే మళ్ళీ ఈ మాట దగ్గరికి రా.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటంటావా? సిగ్నల్ కోసం నువ్వు గుట్టెక్కాలి. ఎక్కినా నేను సగం చెప్పకముందే తిట్లందుకుంటావు. కాగితమైతే ఎంత తిట్టినా చెప్పాల్సింది చెప్పేస్తుంది.

ఇక్కడ ఉతికిన చీర ఆరేలోపే బొగ్గు దుమ్ము పడుతుంది. మీ మరిది గనిలో టిప్పర్ దిగి ఇంటికొస్తే పళ్ళు తప్ప ఏమీ కనిపించవు. కూరలకు రుచి లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంత చింతపండు, ఎండబెట్టిన పుట్టగొడుగులు పంపు.

ఇక అసలు సంగతి. సరితను నాతో పంపేటప్పుడు నువ్వేమన్నావు? "దాని పక్కనుంచి కదలకు. కదిలినవని తెలిస్తే గా రోజే వచ్చి తోలుకపోత" అన్నావు. అక్కా, మూడు వారాలుగా నేను దాని పక్కన లేను.

లేవకు, కూర్చో. మొత్తం చదువు.

ఖాదర్ మాస్టర్ టైలరింగ్ షాపులో అది బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది కదా. దానికి వినబడదు, ఆయనకు సైగలు రావు. అందుకని నేను గుండీలు కుడుతూ మధ్యలో కూర్చునేదాన్ని, ఆయన మాట దానికి, దాని సైగ ఆయనకు చెబుతూ. నా బుద్ధి నీకు తెలుసు. ఊళ్ళో అందరికీ సైగ పేర్లు పెట్టింది నేనే. సర్పంచ్‌కు ఆవులింత, బావకు బీడీ దమ్ము. మాస్టర్‌కూ ఒకటి పెట్టాను: గడ్డం పట్టుకుని మేక నెమరేసినట్టు దవడ ఆడించడం. ఆయన పొద్దస్తమానం పాన్ నములుతాడు మరి. అది ఆయన పేరేనని సరిత నమ్మింది. వారంలో షాపులో అమ్మాయిలందరికీ వచ్చేసింది.

ఒకరోజు బట్టల కోసం ఒక హెడ్‌మాస్టరు వచ్చి, మాస్టర్ ఎవరని సరితనే అడిగాడు. నేను దానికి సైగతో చెప్పాను. అది మర్యాదగా లేచి నిలబడి, గడ్డం పట్టుకుని, దవడ ఆడించి, ఆయన్ని చూపించింది. హెడ్‌మాస్టరు పడీపడీ నవ్వాడు.

"ఏందది, నాగమణమ్మా?" అన్నాడు మాస్టర్.

"గౌరవం సార్."

"గౌరవం గిట్ల నెమరేస్తదా?"

అమ్మాయిలు పకపకా నవ్వారు. అందరి మొహాలూ చూసి సరితకు అర్థమైంది. కుట్టే బట్ట కింద పెట్టేసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. నేను ఆటపట్టించింది మాస్టర్‌ను అనుకున్నాను. నవ్వులపాలైంది మాత్రం అది.

పని పోయిందనే అనుకున్నాను. మాస్టర్ అరవనైనా లేదు. "పిల్ల రేపు రావాలె. నువ్వే రాకు. నువ్వుంటే ఆమెతోని మాట్లాడుడు నాకు జల్మల రాదు" అన్నాడు.

మర్నాడు నేను చెప్పులేసుకుంటే సరిత వాటిని లాగి మంచం కిందికి తోసి, ఒక్కతే ఆటో ఎక్కి వెళ్ళింది. నాకు కాలు నిలవలేదు. ఎదురుగా టీ బండి దగ్గర దొంగలా నిలబడి మూడు రోజులు కాపలా కాశాను. మాస్టర్ దాన్ని పిలవాలంటే లైటు ఒకసారి ఆపి వేస్తున్నాడు. అది తలెత్తి చూస్తుంది. నాకెందుకు తట్టలేదో! మూడో రోజు అదే బయటికొచ్చి, నా చేతిలో గ్లాసు తీసి బండి మీద పెట్టి, ఇంటి వైపు వేలు చూపించింది. అప్పటినుంచి ఇంట్లో తోమిన గిన్నెలే తోముతున్నాను.

మొన్న మేడ మీద మహిళా సంఘం మీటింగుకు పోయాం. ఎప్పటిలా దాని తరఫున మాట్లాడదామని లేచాను. కొంగు పట్టి కూర్చోబెట్టింది. తనే మెట్ల దగ్గరికెళ్ళి సైగ చేస్తే, షాపులో దాని పక్క మిషన్ మీద కుడుతూ సైగలు నేర్చిన పర్వీన్ మెట్ల కింద నుంచే అరిచి చెప్పింది. పర్వీన్‌కు కాలు లేవదు, మోచేత్తో స్విచ్ నొక్కి మోటారు మిషన్ మీద కుడుతుంది. "పైన పెడితే పర్వీన్ ఎట్ల ఎక్కాలె? కింద పెట్టుండ్రి అంటుంది సరిత. నేను గూడ అదే అంటున్న!" అంది. అంతా కుర్చీలెత్తుకుని కిందికి దిగారు. అందరికంటే ముందు కుర్చీ ఎత్తింది నీ బిడ్డ.

అందుకని నీ కాళ్ళు పట్టుకుంటాను, బావను పంపి దాన్ని తీసుకుపోకు. తిట్టాలంటే నన్ను తిట్టు, ఇంకో ఉత్తరం పట్టేంత తిట్టు.

మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. మా ఇద్దరినీ చల్లగా ఉండమని దీవించు. చూడాలనిపిస్తే నువ్వే రా. షాపు గుమ్మం పక్కన స్విచ్ ఉంటుంది, లైటు ఒకసారి ఆపి వెయ్యి. ఇంకోమాట. మనింట్లో చెవి మీద వేలు పెట్టి, లేదన్నట్టు చెయ్యి ఊపి పిలుస్తాం కదా దాన్ని? దాని ఐదో ఏట నేను పెట్టిన పేరే. ఇరవై రెండేళ్ళొచ్చినా అదే. ఇప్పుడది అందరి పేర్లూ మార్చేసింది. మాస్టర్‌కు మెడలో టేపు. నాకు నోటి దగ్గర కత్తెర. తనకు, సూదిలో దారం ఎక్కించి లాగినట్టు.

అలాగే పిలువు. పాత పేరుతో పిలిస్తే ఇటు తిరగదు. నేను పిలిచి చూశాను.

నీ చెల్లెలు,
కత్తెర నోటి నాగమణి