రైలెక్కిన చీపుర్ల సైకిలు

ముక్తేశ్వరం,
ఆగస్టు 14, 2005.

గౌరవనీయులైన మావారికి,

మీ కనకరత్నం ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నేను, సలోమి, అత్తయ్యగారు, ఈనిన గేదె, దాని దూడ అందరం బాగానే ఉన్నాం. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు తప్ప వేరే జబ్బేమీ లేదు, నోరు ఎప్పటిలాగే పనిచేస్తోంది. మస్కట్‌లో ఎండలు ఎలా ఉన్నాయో, మీ గదిలో ఏసీ బాగు చేయించారో లేదో మీరు రాయలేదు. మీరు రాస్తేనే కదా మాకు తెలిసేది.

గోదారి నీరు మన వీధిలోకి వచ్చిందా అని అడిగారు. రాలేదు. లంకలో కూరపాదులు మునిగాయి, రేవు దాటించే పంటు రెండు రోజులు ఆపేశారు, మళ్ళీ తిరుగుతోంది. గేదె పాలు చిక్కగా ఇస్తోందా అన్నారు. ఇస్తోంది, అత్తయ్యగారు తాగగా మిగిలినవి పాల కేంద్రానికి పోస్తున్నాను. సలోమి చదువు సంగతి చివర్లో రాస్తాను.

ఇక సైకిలు. వెంటనే అమ్మేయమని, రైల్లో గొడవపడి మీ అన్నయ్య పరువు తీశానని రాశారు. బావగారు మీకు ఉత్తరం రాశారన్నమాట. మంచిదే. ఆయన రాసింది ఒకటి, జరిగింది ఒకటి. నేను చెప్పకూడదనే అనుకున్నాను గానీ, ఆయనే మొదలుపెట్టాక నాకెందుకు మొహమాటం.

మీరు వెళ్ళకముందు కొబ్బరికాయలు వేసుకోవడానికి వెనక చట్రం పొడిగించి, రెండు పక్కలా ఇనుప రెక్కలు వెల్డింగ్ చేయించారే, ఆ సైకిలే అది. దాని మీద కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టలు కట్టలుగా నిలబెట్టి కడితే ఎదురుగా వచ్చేవాళ్ళకి నేను కనపడను. పెళ్ళిపందిరి నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఊళ్ళో షావుకారు మన చీపుర్లకి ఇచ్చేది ఈనె తీసిన కూలికి కూడా చాలదు. కాకినాడలో అయితే ఆడవాళ్ళు గుమ్మంలోకి పిలిచి కొనుక్కుంటున్నారు. అందుకని రేవు దాటి, అవతలి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కడం మొదలుపెట్టాను.

మన కోనసీమ వాళ్ళకి రైలు ఏం తెలుసు చెప్పండి. మనకి తెలిసింది పంటు. పంటు మీదకి సైకిలెక్కుతుంది, మోటారు సైకిలెక్కుతుంది, గేదె ఎక్కుతుంది, పెళ్ళివారి మంచం, బీరువా ఎక్కుతాయి. మన సామాను పక్కన మనం నిలబడతాం, అవతలి ఒడ్డు వస్తే దిగిపోతాం. రైలు కూడా అంతేననుకున్నాను. నా టికెట్టు నేను తీసుకుని, నలుగురి చేత చెయ్యి వేయించి, సైకిలు పెట్టెలోకి ఎక్కించి తలుపు దగ్గర నిలబెట్టేదాన్ని. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు.

అనలేదు గానీ, ఆ పెట్టెలో మనుషులు చేసే పనులు చూడాలి. ఒకాయన నా కొత్త చీపురుకి బురద కాళ్ళు తుడుచుకునేవాడు. ఇంకొకాయన వక్కపొడి నమిలి సైకిలు చక్రం మీదే ఊసేవాడు. అన్నిటికన్నా రోత ఏమిటంటే, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే చెయ్యి చాపి, కట్టలోంచి ఒక్కో ఈనె పీక్కుని పళ్ళు కుట్టుకోవడం. కుట్టుకున్నాక ఆ ఈనెని మళ్ళీ కట్టలోనే గుచ్చేవాళ్ళు! ఛీ. కాకినాడలో దిగి వాటిని ఏరి పారేసేటప్పటికి నాకు అన్నం సయించేది కాదు. వీళ్ళందరూ ఇస్త్రీ చొక్కాల వాళ్ళే.

బావగారు ఆఫీసుకి వెళ్ళేదీ ఆ బండిలోనే కదా. నేను ఒక తలుపులో ఎక్కితే ఆయన ఇంకో తలుపులో ఎక్కేవారు. పోనీలే, పెద్దవారు, ఎవరి మర్యాద వాళ్ళదని ఊరుకున్నాను.

ఆ రోజు టీసీ వచ్చాడు. మంచివాడే, అతని తప్పేమీ లేదు. సైకిలు చుట్టూ తిరిగి చూసి, "ఏమ్మా, ఇది సైకిలా, ఎడ్లబండా? దీన్ని పెట్టెలోకి ఎక్కించమని ఎవరు చెప్పేరమ్మా?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదండి. పంటు మీద ఎక్కించినట్టే ఎక్కించేనండి. ఎవరికీ అడ్డం లేకుండా నేనే పట్టుకుని నిలబడతానండి" అన్నాను.

పెట్టెలో అందరూ పగలబడి నవ్వారు. టీసీ మాత్రం నవ్వలేదు. "ఇలా తేకూడదమ్మా. ఎవరి కాళ్ళన్నా తెగుతాయి. వచ్చే స్టేషన్లో దించెయ్యాలి. నీ తాలూకు వాళ్ళెవరన్నా ఉన్నారా ఇందులో, ఓ చెయ్యి వెయ్యడానికి?" అని అడిగాడు.

నాకు ధైర్యం వచ్చింది. "ఆయ్, ఉన్నారండి. ఇదిగో ఈ కిటికీ పక్కనే, మా బావగారు" అని చూపించాను.

టీసీ అటు తిరిగాడు. "ఏమండీ, ఈవిడ మీ మనిషేనాండి?"

బావగారు పేపరు దించి నన్ను చూశారు. మీ తోడబుట్టిన కృపానందంగారు, మన పెళ్ళిలో నా చేతిలో బైబిలు పెట్టిన మనిషి, "కాదండి. రేవులో చూస్తూంటానండి, అంతే" అని మళ్ళీ పేపరెత్తుకున్నారు.

ఆదివారం గుడిలో, కోడి కూయకముందే పేతురు ప్రభువుని ఎరగనని బొంకిన అధ్యాయం చదివి వినిపించేది ఈయనే. కోడి ఏదీ కూయలేదు గానీ, బండి మాత్రం కూత పెట్టింది. స్టేషన్ వచ్చేలోగా ఆయన ఏం చేశారో చెప్పమంటారా? చెయ్యి చాపి నా చీపురు కట్టలోంచి ఈనె ఒకటి పీక్కుని పళ్ళు కుట్టుకున్నారు. అలవాటు కొద్దీ చేసి ఉంటారు. నేనెవరో తెలియని మనిషికి నా చీపురు మాత్రం తెలిసింది! ఇకమీదట ఆయన గుమ్మం తొక్కమని నాతో అనకండి.

ఎవరో ముక్కూ మొహం తెలియని చేపలావిడ తన గంప పక్కన పెట్టి, వెనక చట్రం పట్టి నాతో పాటు సైకిలు దించింది. ఆ ఊళ్ళోనే తిరిగి చీపుర్లన్నీ అమ్ముకుని, రేవు దాకా నడిచి వచ్చాను.

ఇక సలోమి సంగతి. చివర రాస్తానన్నది చదువు గురించి కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ దాచాను. ఆ పూట బావగారి పక్క సీట్లోనే మీ కూతురు కూర్చుంది, కాలేజీ స్నేహితురాళ్ళతో. ఆయన కాదనగానే టీసీ దాన్ని కూడా అడిగాడు, "నీకేమన్నా తెలుసా అమ్మా ఈవిడ?" అని. అది నా వైపు చూడకుండానే, "మా ఊరావిడండి" అంది.

అబద్ధం కాదు. అయినా సైకిలు దించేదాకా నేను మళ్ళీ దాని వైపు చూడలేదు.

సాయంత్రం పంటు మీద నాకు దూరంగా నిలబడింది. ఒడ్డెక్కేటప్పుడు మాత్రం రోజూలాగే వెనక నుంచి సైకిలు తోయబోయింది. "ఊరావిడ సైకిలు నువ్వెందుకు తోస్తావే, వదిలెయ్" అన్నాను. అనకుండా ఉండవలసింది. అది రాత్రి అన్నం తినలేదు. నేను కంచం పెట్టి పక్కన కూర్చున్నాను. ఏడుస్తూ అంది.

"నన్నొక్కదాన్నే అంటావేంటమ్మా? మొన్న ఫోన్లో నాన్న నాతో ఏమన్నారో తెలుసా? అక్కడ తన గదిలో వాళ్ళడిగితే, నువ్వు ఇంటిపట్టునే ఉండి మిషను కుడతావని చెప్పేరంట. మీ కాలేజీలో కూడా అలాగే చెప్పమ్మా అన్నారు. అలాగే చెప్పేను. ఆ పిల్లల ముందు ఇంకేం చెప్పమంటావు?"

కంచం తీసి పక్కన పెట్టేశాను.

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. మీతో పదిహేడేళ్ళు కాపురం చేసింది నేను. ఆ మిషను కుట్టే ఆవిడ ఎవరండీ? బావగారి మీద వేసినంత అసహ్యం మీ మీద వేయలేదని రాస్తే అది అబద్ధమవుతుంది. వేసింది. మీరు దూరాన ఉన్నారు కాబట్టి ఇంకా ఎక్కువ వేసింది.

సైకిలు అమ్మను. రైలెక్కించను కూడా, పల్లెల వెంట నడిపించుకుంటూనే అమ్ముకుంటున్నాను. సలోమిని కోప్పడకండి, అది మీరు నేర్పిన మాటే చెప్పింది. మీ గదిలో వాళ్ళందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, మా ఆవిడ కొబ్బరి చీపుర్లు అమ్ముతుంది అని ఒక్కసారి పైకి చెప్పండి. చెప్పగలిగిన రోజునే పెదబాబు ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేయండి. నేను మాట్లాడను, ఫోన్ సలోమి చేతికిస్తాను. వాళ్ళతో ఏం చెప్పారో దానికి చెప్పండి.

ఇట్లు,
చీపుర్లమ్మే మీ భార్య,
కనకరత్నం.