తువ్వాలు ఎటు పోయింది?

ఎమ్మిగనూరు

బంగారుతల్లి చంద్రకళకు నాయన దీవెనలు.

నీ పరిశోధన ఏమిటో నాకు అర్థమైపోయిందమ్మా! నువ్వు చెప్పినట్టే అట్టకు చిన్న బెజ్జం చేసి మీ అమ్మను చూడమన్నాను. వెనక మన చారల తువ్వాలును వాలుగా పట్టి పక్కకు లాగినాను.

"చారలు కిందికి పోతాండాయి" అనింది. అట్ట తీసేస్తే, "అయ్యో, పక్కకు కదా పోతాండేది!" అని నవ్వింది. మెదడులో ఒక్కో నరం బెజ్జంలోంచి చూసినట్టు కొంచెమే చూస్తుందనీ, అన్నీ కలిసినాకే అసలు దిక్కు తేలుతుందనీ చెప్పినాను.

పెళ్లి వద్దని కోతుల చూపు గురించి చదవడానికి పోయినావని రెండేండ్లుగా నీతో మాట్లాడని మనిషి, ఆ తువ్వాలు తానే మడిచి నా చేతిలో పెట్టింది.

"పాపకు పంపు. ఇది ఎటు పోయిందో కోతులకు తెలిసిందా లేదా ఫోన్ జెయ్యమను. నీకు కాదు, నాకు."

నాకు సంతోషంతో కాలు నిలవడం లేదు తల్లీ. తువ్వాలు అందగానే ఆమెకే చెయ్యి.

మీ నాయన